బోర్లించిన బకెట్

నీళ్ళొచ్చే వేళకి అన్నపూర్ణేశ్వరికి పెద్ద పెయింటు బకెట్ కనపడలేదు.

వినపడింది.

ముందు గదిలో కూతురు ప్రణతి దాన్ని బోర్లించి, రెండు కర్రలతో బాదుతోంది.

"ఏమే, నీళ్ళు పట్టుకోవాలి! ఇప్పుడు పోతే మళ్ళీ రేపే."

"మమ్మీ, పాంచ్ మినిట్. ఇక్కడే తప్పుతోంది."

ఆ 'ఇక్కడ' పొద్దుటినుంచీ తప్పుతూనే ఉంది.

ప్రణతి ఢిల్లీ ధౌలా కువాన్‌లో కాలేజీ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీ పండగకి ఒక జట్టు డ్రమ్ముల బదులు బకెట్లు వాయించబోతోంది. అందులో కొత్తది ప్రణతి ఒక్కతే. ఈలోగా చెయ్యి కుదరకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటామని సీనియర్లు చెప్పేశారు. ఆరు నెలల్లో ఆ పిల్లకి దొరికిన స్నేహితులు ఆ జట్టువాళ్ళే.

వైశాలిలో వాళ్ళది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. కింద వాటావాళ్ళు చప్పుడు భరించలేక ఓనరుతో చెప్పారు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఖాళీ చేయాలన్నాడు ఓనరు. ఆ తర్వాత కిందవాళ్ళకి బదిలీ అయింది.

ఆదివారం ప్రణతి నాన్న భీమేశ్వరరావు ఆ బకెట్‌ని పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేద్దామని మెట్లు దిగాడు. వెనకే కూతురు.

"పాపా, ప్లీజ్! కాలేజీ ఫెస్ట్ అయ్యేదాకా. నన్ను గ్రూప్‌లోంచి తీసేస్తారు."

"కింద కొత్తాయన వస్తున్నాడు. ఆయన ఒక్క మాటంటే మన సామాను రోడ్డు మీద ఉంటుంది."

ఆ కొత్తాయన అక్కడే ఉన్నాడు. పెద్ద వయసు, మెడలో మఫ్లరు, చేతిలో పెట్టె. తప్పుకుని దారిచ్చాడు.

భీమేశ్వరరావు ఆయనకి "నమస్తే జీ" అని, మిగతా గొడవంతా ధైర్యంగా తెలుగులో పూర్తి చేశాడు. ఢిల్లీలో మనవాళ్ళకున్న సుఖమే అది.

ప్రణతి ఏడ్చేసింది.

"సరే, ఆయన్నే అడుగుదాం. ఒప్పుకుంటే వాయించుకో. లేదంటే బకెట్ మీ అమ్మది."

సాయంత్రం ముగ్గురూ వెళ్ళారు. బెల్ కొట్టగానే పెద్దాయన తలుపు తీశాడు.

"అంకుల్‌జీ, హమారీ బేటీ..."

ఆయన చెవులు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. "సునాయీ నహీ దేతా."

భీమేశ్వరరావు గాల్లో బకెట్ వాయించి చూపించాడు. ఆ అవతారంలో తోటి ఆఫీసర్లు చూస్తే పరువు పోయేది.

పెద్దాయన నవ్వి, వాయించుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. "బజావో బేటీ, ఖూబ్ బజావో!"

"బంగారంలాంటి చెవిటాయన దొరికాడండీ!" అంది అన్నపూర్ణేశ్వరి, ఆయన ఎదురుగానే.

ఆయన మళ్ళీ నవ్వి తలుపేసుకున్నాడు.

ఇక ప్రణతిని పట్టేవాళ్ళు లేరు. అన్నపూర్ణేశ్వరి నీళ్ళకి వేరే బకెట్ కొనుక్కుంది. ప్రణతి అరచేతులు బొబ్బలెక్కాయి, మానాయి. తప్పే చోటు తప్పడం మానేసింది.

పెద్దాయన అప్పుడప్పుడు మెట్ల మీద కనపడేవాడు. మఫ్లరు చెవుల మీదికి బిగించి ఉండేది, కళ్ళు ఎర్రగా ఉండేవి. జనవరి చలిలో అందరూ అలాగే ఉన్నారు. ప్రణతి కర్రలు ఊపి చూపిస్తే బొటనవేలు ఎత్తేవాడు.

కాలేజీ పండగలో జట్టుకి చప్పట్లు ఆగలేదు. ప్రణతికి ఆనందం పట్టలేదు.

మర్నాడు మిఠాయి డబ్బాతో ముగ్గురూ కిందికి వెళ్ళారు. తలుపు తీసే ఉంది. ఎవరో ఆవిడ సామాను సర్దుతోంది.

"అంకుల్‌జీ హై?"

"పైవాళ్ళా? రండి, రండి. పైన తెలుగువాళ్ళున్నారని నాన్న చెప్పారు. నా పేరు హైమవతి, సాకేత్‌లో ఉంటాను."

భీమేశ్వరరావు గతుక్కుమన్నాడు. "ఆయన... తెలుగువారా?"

"బందరండీ మాది. ఇందాకే నాన్నని రైలెక్కించి వచ్చాను. నిద్ర లేక బాగా నీరసించిపోయారు. ఎప్పుడో పంపేద్దామనుకున్నా, ఏదో కాలేజీ పండగ అయ్యేదాకా ఇల్లు వదలనని పట్టుబట్టారు. ఈ వయసులో ఈయనకి కాలేజీ ఏమిటో!"

ప్రణతి చేతిలో మిఠాయి డబ్బా అలాగే ఉండిపోయింది.

"కానీ ఆయనకి వినపడదు కదమ్మా?" అంది అన్నపూర్ణేశ్వరి మెల్లగా.

హైమవతి నవ్వేసింది.

"నాన్నకా? పాముచెవులండీ ఆయనవి! గిన్నె కిందపడినా తలనొప్పితో మంచం ఎక్కేస్తారు, అందుకే చడీచప్పుడూ లేని ఇల్లు కావాలని వెతికి వెతికి ఇది తీసుకున్నాం."