సొంతవాక్యం

పాప నోటుబుక్కు తెచ్చి తల్లి ముందు పడేసింది.

"ఒక మార్కు పోయింది. అంతా గొడుగుల తాత వల్లే."

గొడుగుల తాత అంటే మెట్లకింది గదిలో అద్దెకుండే ముసలాయన. విరిగిన గొడుగులకు ఊచలు వేస్తాడు. నా అన్నవాళ్ళెవరూ రారు. మిలిటరీలోంచి తీసేశారని మాత్రం వీధంతా తెలుసు. ఏం వెలగబెట్టాడో ఎవరూ అడగలేదు.

తల్లి నోటుబుక్కు తెరిచింది. 'ఫైరింగ్ స్క్వాడ్'కి అర్థం రాసి సొంతవాక్యంలో ప్రయోగించాలి.

అర్థం: మరణశిక్ష పడ్డవాణ్ణి ఆజ్ఞ ప్రకారం కాల్చే సైనికుల జట్టు.

దానికి టిక్కు పడింది.

వాక్యం: ఫైరింగ్ స్క్వాడ్ కాల్చకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

టీచరు ఎర్రగా కొట్టేసి, 'అలా జరగదు' అని రాసింది.

తల్లి విసురుగా మెట్లు దిగింది.

"తెలీకపోతే తెలీదనొచ్చుగా బాబాయిగారూ. పిల్లకి తప్పులు చెప్పడమెందుకు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఎర్రగీత వంక చూశాడు.

"ఆ మాటకి నాకు తెలిసిన వాక్యం అదొక్కటేనమ్మా."

"టీచరుకన్నా మీకెక్కువ తెలుసా?"

"లేదులే" అని సూది అందుకున్నాడు.

ఆ తర్వాత పాపని ఆ గదికి పంపలేదు. వానలు వెనకబట్టేవేళకి ఆయన నిద్రలోనే పోయాడు.

నెల తిరక్కుండా వాకిట్లో వ్యాను ఆగింది. ఒక పెద్దాయన, కొడుకులు, కోడళ్ళు, మనవలు, మొత్తం పదకొండుమంది దిగారు.

"గొడుగులు బాగుచేసే ఆయన ఇక్కడేనా?"

"పోయారండీ. మీరేమవుతారు?"

పెద్దాయన మెట్టుమీద కూర్చున్నాడు.

"నలభై ఏళ్ళుగా వెతుకుతున్నానమ్మా."

"ఆయన్ని మిలిటరీలోంచి ఎందుకు తీసేశారో మీకు తెలుసా?" తల్లి మెల్లగా అడిగింది.

"ఒక్క మాట అననందుకు. ఆరుగురూ తుపాకులు గురిపెట్టారు. 'కాల్చండి' అనాల్సింది ఆయన. అనలేదు. జట్టుని వెనక్కి నడిపించుకుపోయాడు. మర్నాడు అసలు నేరమే లేదని తేలి శిక్ష రద్దయింది. ఆయన ఉద్యోగం మాత్రం పోయింది."

తల్లి మెట్లకింది గది తాళం తానే తీసింది.

"రండి. మా ఇంట్లోనే ఉండేవారు" అంది, ఇరుగుపొరుగుకి వినబడేలా.

పాప నోటుబుక్కు తెచ్చి, ఎర్రగీత కింద అదే వాక్యం మళ్ళీ గుండ్రంగా రాసింది.

"మరి కళ్ళకి గంతలు కట్టి నిలబెట్టింది ఎవర్ని తాతగారూ?"

పెద్దాయన తన వెనకున్న పదిమందినీ ఒకసారి చూసుకుని, "నన్నేనమ్మా" అన్నాడు.