నివ్వరి నేర్చిన విద్య

హార్లీ దొరకి ఆ ఉదయం ఏడుపొక్కటే తక్కువ.

గోదావరికి ఆనకట్ట కట్టి నాలుగేళ్లు. అందులో మూడేళ్లు దొర కోనసీమ ఊళ్లన్నీ పడవల మీద తిరిగి, ముప్పయ్యొక్క రకాల వరి విత్తనం కూడబెట్టాడు. ఆత్రేయపురంలో ఒకటి దొరికితే, రాజోలు పక్క ఉప్పునేలల్లో ఇంకోటి. ఒకే వరి ఇన్ని రూపాలు ఎలా ఎత్తిందన్నది ఆయన్ని పట్టుకున్న పిచ్చి. కొత్తపేట దగ్గర బుచ్చిరాజుగారి చేలో మళ్లు అడిగి పుచ్చుకుని, మడికో రకం నాటించాడు. పంట కల్తీ లేకుండా పండితే విత్తనం చెన్నపట్నం వెళ్తుంది, అక్కణ్నుంచి సీమకి ఓడెక్కుతుంది. లేకపోతే మూడేళ్ల తిరుగుడూ గంగలో కలిసినట్టే.

పోయినేడు ఆ చేలో నివ్వరి రాలిందన్న సంగతి పాలేరు నూకయ్య భాద్రపదంలో, ఆ ఉదయమే చల్లగా చెప్పాడు.

నివ్వరి వరికి దాయాది. పైరులోనే పుడుతుంది, పైరులాగే పెరుగుతుంది. వెన్ను తీసేదాకా ఏది వరో ఏది కలుపో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేసరికి అది గింజలు రాల్చేసి, మడంతా పాడుచేసి కూర్చుంటుంది.

దొర భూతద్దం పట్టుకుని రెండు రోజులు బురదలో వెతికాడు. ఒక్కటీ పట్టుకోలేకపోయాడు. కలుపు తీసే ఆడవాళ్లు ఇరవై మంది దిగారు. "మావల్ల కాదండి బాబూ" అని మధ్యాహ్నానికల్లా గట్టెక్కేశారు.

"వీరాయమ్మని పిలిపిస్తానండి, ఆయ్," అన్నారు బుచ్చిరాజుగారు కాస్త నసుగుతూ. "ఆవిడ చెయ్యి పడిందంటే నివ్వరి మిగలదండి."

"మరి మొదటనే యేల పిలువలేదు?" దొర తెలుగు పంతులుగారి దగ్గర నేర్చినది.

"తమరు నమ్మరనండి."

మర్నాడు వీరాయమ్మ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. తాటాకు గిడుగు మొహం మీదికి దించుకుని, కోడలు తులసి కొంగు పట్టుకుని వచ్చింది. దొరవైపు తలైనా ఎత్తలేదు. సిగ్గు కాబోలనుకున్నాడాయన. గట్టు మీద పెట్టుకున్న ఆయన టోపీని తొక్కి మరీ మడిలో దిగింది. ఇది మాత్రం అచ్చంగా పొగరే అనుకున్నాడు. అవసరం తనది కాబట్టి, టోపీ దులుపుకుని ఊరుకున్నాడు.

వీరాయమ్మ వంగింది. వరస వెంట వరస పీక్కుంటూ పోయింది. పొద్దు వాలి, దొరకి తన బూట్లు తనకే కనపడని వేళయినా నడుమెత్తలేదు. తులసే వెళ్లి లాక్కురావలసి వచ్చింది. నాలుగు రోజుల్లో మళ్లన్నీ అయిపోయాయి.

"యెట్లు పోల్చితివి?" అనడిగాడు దొర.

"తెలుస్తాదండి," అంది. అంతే.

దొరకి నమ్మకం కుదరలేదు. పీకినవన్నీ పచ్చగా, నవనవలాడుతూ వరిలాగే ఉన్నాయి. మంచి పైరునే పీకి పారేసిందేమో! ప్రతి మొక్కనీ ఏరించి, విడిగా ఒక మూలమడిలో నాటించాడు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కలుపుని నాటించే మనిషిని వాళ్లు చూడ్డం అదే మొదలు.

కార్తీకంలో వెన్నులొచ్చాయి. మూలమడి నిండా పొడుగాటి తోకలు, ఎర్ర గింజలు. నూటికి నూరూ నివ్వరే. ముప్పయ్యొక్క మళ్లలో గాలించినా ఇంకొకటి లేదు.

దొర సంతోషం పట్టలేక గట్టు మీద గంతేశాడు. ఆ ఊపులోనే ఆయనకి అసలు సంగతి తట్టింది.

"రాజుగారూ! నివ్వరికి ఈ వేషము నేర్పినది మీవారే. వేరుగా కనబడినదానిని తాతల నాటినుండి పీకుచున్నారు. వరివలె కనబడినదే బ్రతికినది, గింజ రాల్చినది. తరతరములుగా అది మనుష్యుని కన్నును మోసగించుట నేర్చినది!"

బుచ్చిరాజుగారు ఒక ఎర్ర గింజ తుంచి నలిపి చూశారు. "అంటే, మేం పీకేకొద్దీ అది మా కళ్లు కప్పడం నేర్చుకుందన్నమాటండి."

"అవును. దానిని జయించిన కన్ను లోకములో ఒక్కటే. వీరాయమ్మ కన్ను!"

బుచ్చిరాజుగారికి పొలమారింది.

అంతటి కంటికి తన భూతద్దమే తగిన బహుమానం అనుకున్నాడు దొర. ఇన్నాళ్లూ ప్రాణంలా దాచుకున్న వస్తువు. అయినా మనసారా ఇద్దామనుకుని, తనే స్వయంగా వీరాయమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆవిడ అరుగు మీద తలవంచుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది.

"అమ్మా, దీనిని తీసుకొనుము," అని భూతద్దం పట్టుకున్న చెయ్యి చాచాడు.

వీరాయమ్మ తలెత్తలేదు. చేతులు చాచలేదు. ఆయన ఇంకాస్త ముందుకి చాచాడు. చెయ్యి లాగేదాకా అలాగే నిలబడ్డాడు. మళ్లీ అదే పొగరు! దొరకి నిజంగా కష్టం తోచింది.

లోపల్నుంచి తులసి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"చేతిలో పెట్టండి దొరగారూ, మా అత్తకి ఏడో ఏట అమ్మవారు పోసినకాడ్నించీ రెండు కళ్లూ కనపడవండి."