బొత్తాల తాతయ్య

ఆ రోజూ క్రాఫ్ట్ టీచర్ బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు.

మిగతా పద్నాలుగుమంది కిటికీ పక్కన బొత్తాల తాతయ్య చుట్టూ మూగారు.

చూపులేని పిల్లల బడిలో సెలవుల క్లాసు పన్నెండేళ్లుగా ఆమెదే. గరుకు కాగితంతో ఇంటికప్పు, దూదితో మబ్బు, బొత్తాలు కుట్టి పువ్వులు. వేళ్లతో తడిమి చూసుకునే ఆ కార్డులన్నీ ఆమె ఆలోచనలే. నాలుక చివరతో సూది బెజ్జం వెతికి దారం ఎక్కించడం కూడా పిల్లలకు ఆమే నేర్పింది.

ఈ ఏడు ఎక్కడినుంచో ఈ ముసలి దర్జీ ఊడిపడ్డాడు. పిల్లలతో కాసేపు కూర్చుంటానని పెద్ద టీచర్‌ని అడిగి, సంచీనిండా బొత్తాలతో రోజూ వస్తున్నాడు.

వారం తిరక్కుండానే పిల్లలు అటు తిరిగిపోయారు. రెండేళ్లుగా తన దగ్గర నోరు విప్పని చిన్నపిల్ల కూడా అతని ఒళ్లో చేతులు పెట్టి గలగలా మాట్లాడుతోంది.

టీచర్ ఓర్చుకోలేకపోయింది.

అంత గొప్ప పనివాడా అని ఒకసారి పక్కనుంచి తొంగిచూసింది. కళ్లు మూసుకుని కుడుతున్నాడు. పేరుకే దర్జీ, కుట్టంతా వంకర.

పిల్లల ముందు ఈ నాటకాలేమిటో అనుకుంది.

ఆ మధ్యాహ్నమే పెద్ద టీచర్ గదికి వెళ్లింది. బయటి మనిషి, శిక్షణ లేనివాడు, క్లాసు సంతలా తయారైందని చెప్పింది. అంతా పిల్లల మంచికేనని రెండుసార్లు అంది. అయితే నువ్వే చెప్పెయ్యమన్నారు ఆవిడ.

వరండాలో అతన్ని ఆపి, రేపటినుంచి రావద్దని చెప్పింది.



"ఇంకొక్క వారం రానివ్వండమ్మా. పని సగంలో ఉంది."

"ఆ మిగతా సగం నేను నేర్పుకుంటాలెండి."

అతను తల ఊపి, గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పదహారుమందీ ఆమె బల్ల చుట్టూనే కూర్చున్నారు. ఆమె ప్రాణం తేలికపడింది.

"చెప్పండి, తాతయ్య మీకు ఎంతవరకు నేర్పాడు? అక్కడినుంచి మొదలుపెడదాం," అంది హుషారుగా.

ఆ చిన్నపిల్లే తల ఎత్తింది.

"ఆయన మాకేం నేర్పలేదు టీచర్. ఆయనకి చూపు పోతోందట, చూడకుండా కుట్టడం మీరు మాకు నేర్పినట్టే మేం ఆయనకి నేర్పుతున్నాం."