గేదెకు ఉద్యోగమొచ్చింది

ఊరు పట్నంలో కలిసిపోయి, చుక్కమ్మ గేదె నీలవేణి మేసే బీడులో అపార్ట్‌మెంట్ లేచింది. పాల ధర రెట్టింపయిందని నీలవేణి ఒకటే మురిసిపోయింది. కానీ గడ్డేమో ఎక్కడి నుంచో లారీలో రావాలి.

"అక్కా, నీ పాల డబ్బులన్నీ నీ గడ్డికే చాలడం లేదట. శనివారం చుక్కమ్మ నిన్ను సంతకు తోలేస్తుందట," అంది పక్క గుంజ దగ్గరి మేక.

నీలవేణికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పలుపు తెంచుకుని అపార్ట్‌మెంట్ లాన్‌లో దూరి, ఎవరైనా తరిమేలోగా కడుపు నింపుకుందామని గబగబా మేసేసింది.

"ఏయ్, ఎవరే నువ్వు?" అని మొరిగింది కాపలా కుక్క.

"గ... గడ్డి కోసే మిషన్ని."

కుక్క దాని చుట్టూ తిరిగి చూసింది. పాత మిషన్ చెవులు చిల్లులు పడేలా అరిచేది. ఇదేమో నెమరేస్తోంది, అంతే.

"రేపట్నుంచి ఆరింటికల్లా వచ్చెయ్. ఆలస్యమైతే జీతం కోత."

గడ్డి ఊరికే, పైగా జీతం! చుక్కమ్మ సంత మాటే మరిచిపోయింది.

"మీ అమ్మ కూడా అక్కడే మేసేదిగా?" అంది మేక.

"అప్పుడది మేత. ఇప్పుడు ఉద్యోగం."

"మరి పాలో?"

"ఆదివారం చూద్దాంలేవే. డ్యూటీ ఉండదు."