పాలలో ఉడికిన కూర

"నీళ్ళు పొయ్యకు!"

ప్రిస్కిల్లా అరిచిన అరుపుకి ఆశీష్ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. పాపం, అతను తలపెట్టిన ఘోరమేమీ లేదు. పొయ్యి మీద వైట్ సాస్ ఉండలు కడుతుంటే కాస్త పల్చబరుద్దామనుకున్నాడు. పెళ్ళాం వంటలో వేలు పెట్టిన మగాడికి అక్షింతలు తప్పుతాయా?

"పాలు ఇలా ఇవ్వు. పాలే పొయ్యాలి."

మారతహళ్ళిలోని ఆ ఫ్లాటుకి మధ్యాహ్నం భాగీరథమ్మ వస్తోంది. కంటి పరీక్షలకని పావగడ నుంచి బెంగళూరు వచ్చింది. ఆసుపత్రిలో కాస్త ఖాళీ దొరికేసరికి, కొడుకు మోహన్‌కుమార్ బతిమాలి బామాలి ఇటు తీసుకొస్తున్నాడు.

ఆమె ఈ గడప తొక్కడం ఇదే మొదలు. పెళ్ళికి రాలేదు. మనవరాలు గ్రేస్ పుట్టినా రాలేదు. ఇప్పుడా పిల్ల బడికి కూడా పోతోంది. "ఆ కిరస్తానపోళ్ళ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అని అప్పుడెప్పుడో దేవుడి గూటి ముందు నిలబడి ఒట్టు పెట్టుకుంది. ఆమె ఒట్టు తీసి గట్టున పెట్టే రకం కాదు.

"తినకపోతే?" అన్నాడు ఆశీష్ మెల్లగా.

"తినకపోతే ఇంకెప్పటికీ రాదు." ప్రిస్కిల్లాకి ఏడుపొచ్చినంత పనైంది. గరిటె ఆపితే సాస్ అడుగంటుతుందని ఏడవలేదు.

ఫోన్ మోగింది. మోహన్‌కుమార్ మెసేజ్. "బయల్దేరినాం. అమ్మ డబ్బాలో పెరుగన్నం తెచ్చుకునింది. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు."

పెరుగన్నమే కదా, తెచ్చుకోనీ. పక్కన నంజుకోవడానికి ఒక్కటి, ఒకే ఒక్కటి ఈ ఇంటిది తింటే చాలు.

ఎంత మడికైనా ఎక్కడో ఒక సందుంటుంది. నీళ్ళతో వండింది పరాయి ఇంట ముట్టరు గానీ, పాలతో చేసినదానికి, అందులో ఉప్పు పడకపోతే, అంటు లేదంటారు. ఆ సందులోంచే దూరాలని ప్రిస్కిల్లా ఆరాటం.

అందుకే ఈ విదేశీ వంట, కూరగాయల మీద పాల సాస్ పోసి ఓవెన్‌లో కాల్చేది. క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్, బంగాళాదుంప కడిగి, కొత్త తువ్వాలుతో తడి లేకుండా తుడిచింది. పాలలోనే ఉడికించింది. ఇంట్లో గిన్నెలన్నిట్లో ఎప్పుడో ఒకప్పుడు కోడి ఉడికింది కాబట్టి గిన్నె కొత్తది, గాజు పళ్ళెం కొత్తది. చీజ్‌లో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసని, పాలు విరిచి పనీర్ తనే చేసుకుంది. ఓవెన్ కూడా ఎదురు ఫ్లాట్‌లో ఉండే శాకాహారులది. గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండర్ తీసేద్దామా అని ఆశీష్ అడిగితే మాత్రం వద్దంది. దాచిపెట్టి తినిపించడం ఆమెకి ఇష్టం లేదు.

కూరగాయలు, పనీర్ పరిచి, సాస్ పోసి, పైన బ్రెడ్ పొడి చల్లింది. పళ్ళెం ఎత్తి గుమ్మం దాకా వెళ్ళి ఠక్కున ఆగిపోయింది.

"ఓరి దేవుడా! బ్రెడ్ నీళ్ళతోనే కదా చేస్తారు!"

"ఇంత చిన్నదానికి..."

"చిన్నదా? నా కొంప మునిగేది!"

బ్రెడ్ పొడి తగిలిన సాసంతా గీకి పారేసి, మిగిలిన సాస్ పోసి, జీడిపప్పు పొడి చల్లింది. వెన్న ముక్కలు పెట్టి ఎదురింటికి పరిగెత్తింది. పైన ఎర్రబడేదాకా ఓవెన్ ముందు నుంచి కదల్లేదు. పళ్ళెంతో తిరిగొచ్చేసరికి లిఫ్ట్ తలుపు తెరుచుకుంది.

ఆశీష్ ఎదురెళ్ళి చేతిసంచి అందుకోబోయాడు. భాగీరథమ్మ ఇవ్వలేదు. నల్ల కళ్ళద్దాలతో లోపలికొచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. ప్రిస్కిల్లా నోరు తెరిచింది. పిలిచే ధైర్యం చాలక మూసుకుంది.

విస్తరాకు వేసింది. భాగీరథమ్మ తన డబ్బా తెరిచి తన పెరుగన్నం తనే పెట్టుకుంది. ప్రిస్కిల్లా గాజు పళ్ళెం ఆకు పక్కన ఉంచింది. పొగలతో పాటు వెన్న వాసన లేచింది.

భాగీరథమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఏమప్పా ఇది? పైన ఎర్రగా ఉండాది."

"కూరగాయలమ్మా. గుడ్డు గిడ్డు లేదు."

"నీళ్ళు పోసినారేమో అడుగప్పా."

మనిషి ఎదురుగా నిలబడి ఉండగానే, మధ్యవర్తి ద్వారా విచారణ!

"చుక్క పొయ్యలేదు," అంది ప్రిస్కిల్లా.

"ముక్కలు ఉడికేదానికి?"

"పాలే."

"ఉప్పో?"

"వెయ్యలేదు. పక్కన పెట్టినాను."

భాగీరథమ్మ కళ్ళద్దాలు తీసింది. మందు చుక్కలకి ఎర్రబడిన కళ్ళతో పళ్ళేన్ని చూసింది. ప్రిస్కిల్లాని చూసింది. మోహన్‌కుమార్ గుక్కెడు నీళ్ళు తాగబోయి మానుకున్నాడు.

"వెయ్యమనప్పా. చిటికెడు."

ప్రిస్కిల్లా వడ్డించింది. చిటికెడు కాస్తా గరిటెడు పడింది. ఆశీష్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. భాగీరథమ్మ వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. నమిలింది. ముఖంలో ఏమీ తెలియలేదు. పెరుగన్నం ముద్ద చేసి, కాలీఫ్లవర్ ముక్క నంజుకుంది. ఇంకో ముద్ద. ఇంకో ముక్క. ఆకులో పెరుగన్నం ఇంకా సగం ఉండగానే కూర అయిపోయింది.

ఆమె కొడుకు వైపు తిరగలేదు.

"ఇంకొంచెం వెయ్యి నేత్రా," అంది భాగీరథమ్మ, మతం మారి పేరు మార్చుకుని వెళ్ళిపోయిన కన్నకూతుర్ని ఇన్నేళ్ళకి తను పెట్టిన పేరుతో పిలుస్తూ.