పదకొండు చీటీలు

మూడో రోజు కూడా ఆ పన్నుల శాఖ ఆడిట్ ఆఫీసరు బస్సులోనే వచ్చాడు.

పేరు హొన్నూరప్ప. బళ్లారిలో శ్రుతి నడుపుతున్న జీన్స్ యూనిట్‌లో, కుట్టుమిషన్ల పక్కన స్టూలు మీద కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాడు.

శ్రుతికి గుడ్డ అమ్మిన వ్యాపారి దొంగ బిల్లుల కేసులో పరారయ్యాడు. అతని బిల్లులు చూపి ఆమె తగ్గించుకున్న పన్నంతా ఇప్పుడు కట్టమంటే యూనిట్ మూతపడుతుంది. ముప్పై మంది కుట్టేవాళ్లు వీధిన పడతారు.

"గుడ్డ నిజంగా ఈడికి వచ్చిందామ్మా?"

"రాకుంటే ప్యాంట్లు ఎట్ల కుడతాం సార్?"

"అట్లయితే సరుకు తెచ్చిన లారీ చీటీలు కావాల. ఇంకా పదకొండు తక్కువుండాయి."

శ్రుతి కాఫీ తెప్పించింది. ఆయన ముట్టలేదు. కవరు ముందుకు జరిపింది. వేలితో వెనక్కి తోశాడు.

"ఇది కాదమ్మా. చీటీలు."

సాయంత్రం అన్న జగదీశ్‌తో చెప్పుకుంది.

"కవరు చాల్లేదు వానికి" అన్నాడు జగదీశ్. "నువ్వు సక్రమంగా కడతాండావు కాబట్టే నీ కాడికి వచ్చినారు. పక్క సందులో బిల్లే లేకుండా అమ్మేటోళ్ల గడప తొక్కినారా? రెండు లక్షలు అడిగినాడని కంప్లైంట్ రాయి. మిగతాది నేను చూసుకుంటా."

"ఆయన అడగలేదన్నా."

"అడిగేదాకా కూర్చుంటావా?"

శ్రుతి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి రాసింది.

వారం తిరక్కముందే హొన్నూరప్పను సస్పెండ్ చేశారు. ఆ పూట ఆమెకు అన్నం సయించింది.

నెల తర్వాత కొత్త ఆఫీసరు కారులో వచ్చాడు. పది నిమిషాలు ఫైలు చూశాడు.

"మొత్తం కట్టాల్సిందేనమ్మా. జరిమానాతో."

"గుడ్డ వచ్చింది సార్. ఒట్టు."

"వచ్చిందనే ముందున్నాయన రిపోర్టు రాసిపెట్టినాడు. లంచం కేసులో ఇరుక్కున్నోని రిపోర్టు ఎవరు ఒప్పుకుంటారు? పక్కన పడేసినారు."

శ్రుతి ఫైలు వైపు వంగింది.

"ఏం రాసినాడు సార్?"

ఆయన ఫైలు ఆమె వైపు తిప్పాడు.

ఆమె కంప్లైంట్ ఇచ్చిన తేదీనే, కన్నడంలో, పొందికైన చేతిరాతతో ఉంది: "లారీ ఆఫీసులకు నేనే స్వయంగా వెళ్లి విచారించాను, సరుకు వచ్చిన మాట నిజం, ఈమె నిజాయితీగా పన్ను కట్టే మనిషి, ఒక్క రూపాయి కూడా అదనంగా వేయరాదు."