ఇంటి కాయితాలు

"పన్నెండు లక్షలకు తాకట్టు ఏం పెడతారమ్మా?" అడిగాడు బ్యాంకు మేనేజరు.

గ్లోరియా తల్లి వైపు చూసింది. సుగుణమణి నేల వైపు చూసింది.

గ్లోరియాకు జర్మనీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఫీజు లేదు. కానీ ఏడాది ఖర్చులకు సరిపడా డబ్బు ముందే చూపిస్తేనే వీసా.

తండ్రి దయాసాగర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు టిప్పర్ డ్రైవరు. గ్లోరియాకు నాలుగేళ్లప్పుడు, వానలో టిప్పర్ బోల్తాపడి చనిపోయాడు. అప్పటి నుంచి కుట్టుమిషనే ఆ ఇద్దరికీ ఆధారం. ఉండేది కిరాయి ఇల్లు.

"నెలాఖరులోగా ఆస్తి తాకట్టు పెట్టేవాళ్లను ఎవరినైనా చూసుకోండి" అన్నాడు మేనేజరు.

బయటికి రాగానే ఒక మనిషి ఎదురొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. మాసిన చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"చెల్లే, నా పేరు రాజం. ఇవి నా ఇంటి కాయితాలు. బిడ్డ లోనుకు పెట్టుకోండ్రి."

సుగుణమణి బిత్తరపోయింది.

"నువ్వెవరివన్నా? మాకు లోను కావాలని నీకెవరు చెప్పిన్రు?"

"చర్చి కాడ ఎవరో అంటుంటే విన్న."

"ఇల్లు ఎవరన్న ఊకె ఇస్తరా? నీకేం గావాలె?"

"ఏమొద్దు. పిల్ల చదువుకోవాలె, గంతే."

"మా నాన్న మీకు తెలుసా?" అడిగింది గ్లోరియా.

రాజం పెదవులు కదిలాయి. తల అడ్డంగా ఊపాడు.

సుగుణమణికి ఒళ్లు మండింది.

"మొగదిక్కు లేని ఇల్లని కనిపెట్టి వచ్చినవా? ఇంకోసారి నా బిడ్డ దిక్కు చూస్తే మంచిగుండదు!"

జనం ఆగి చూశారు. రాజం తల వంచుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు, ఇంటికే. "బిడ్డా, ఒక్క మాట" అన్నాడు వాకిట్లో నిలబడి.

ఈసారి గ్లోరియానే తలుపు వేసింది.

గడువు దాటింది. సీటు పోయింది. గ్లోరియా సెంటినరీ కాలనీ దగ్గర ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. జర్మనీ మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ల తర్వాత, బడి నుంచి వస్తుంటే చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కనిపించింది. అదే ముఖం. రాజం.

ఎందుకో కాళ్లు ఆగలేదు. అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు చేరింది. రెండు గదుల రేకుల ఇల్లు. రాజం భార్య సమ్మవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, ఆయన ఒకసారి ఈ ఇంటి కాయితాలు మాకిస్తనన్నడు. మేమే తిట్టి పంపినం."

సమ్మవ్వ తలెత్తింది.

"నువ్వు గ్లోరియావా?"

"నా పేరు నీకెట్ల తెలుసు?"

"నీ పదో తరగతి మార్కులు గూడ తెలుసు బిడ్డా. నువ్వు ఏడేడ సదివినవో అన్నీ చెప్తుండె."

గ్లోరియా ఆమె పక్కన కూర్చుంది.

"మరి ఆ రోజు మాకెందుకు చెప్పలే, ఆయన ఎవరో?"

సమ్మవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏమని చెప్తడు బిడ్డా... ఆ టిప్పర్ బోల్తపడ్డ దినం డ్యూటీ ఈయనదే, జొరంతోని లేవలేకుంటే మీ నాయన 'నువ్వు పండుకో అన్నా, నేను పోత' అని పోయిండు."